ఆదివారం దాకా ఉంటుందిలే

మంగళవారం పొద్దున ఎనిమిది దాటినా వంటమనిషి భానుమతి రాలేదు. చట్నీకి పల్లీలు తనే వేయించుకుని, పొట్టు ఊదుకుంటూ, సరోజిని ఇక విసుక్కుందామనుకునేసరికి గోడకున్న ఇంటర్‌కమ్ మోగింది. గేటు దగ్గర కాపలావాడు. "మేడమ్, ఆప్ కీ మెయిడ్ కో అందర్ నహీఁ భేజ్ సక్తే. బ్లాక్ ఆ రహా హై." సరోజినికి హిందీ రాక కాదు, సంగతి బుర్రకెక్కక మళ్ళీ అడిగింది. మీ పనిమనిషిని లోపలికి పంపలేం, బ్లాక్ అని వస్తోందని వాడు మళ్ళీ అదే చెప్పాడు. స్టవ్ కట్టేసి, మోకాలికి పట్టీ కూడా వేసుకోకుండా లిఫ్టులో కిందికి దిగింది. "ఉండు, నేనూ వస్తున్నా" అని భర్త కేశవరావు వెనక నుంచి అంటూనే ఉన్నాడు. ఆయన చొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని, చెప్పులు వెతుక్కునేలోపల ఆవిడ గేటు దాకా వెళ్ళిపోయింది.

పనివాళ్ళ వరసలోంచి తప్పించి భానుమతిని ఓ వారగా నిలబెట్టారు. నోయిడాలో ఈ పెద్ద అపార్ట్‌మెంట్లన్నింటిలోనూ పద్ధతి ఒకటే. వంటమనిషైనా, కారు తుడిచేవాడైనా గేటు దగ్గర తన నంబరు చెప్పాలి. కాపలావాడు ఫోన్లో కొడతాడు. పచ్చగీత వస్తే లోపలికి, ఎర్రగీత వస్తే అక్కడే. భానుమతి నంబరుకి ఈ రోజు ఎర్రగీత వచ్చింది. ఒక ఇంటికి కాదు, మొత్తం సొసైటీకి. ఆమె వంట చేసే మూడు ఇళ్ళూ ఈ గేటులోపలే ఉన్నాయి.

"ఏమైందే భానూ?"

"మైథిలమ్మగారి గాజులు పోయినాయంటమ్మా. ఆదోరం నాడు. నానే తీసినానని అనుకుంటన్నారంట. నిన్న ఎల్లినాను కదా ఆలింటికి, ఒక్కమాటైనా అడగనేదు." భానుమతి ఏడవలేదు. పమిట కొంగు వేలికి చుట్టుకోవడం, విప్పుకోవడం చేస్తూ నిలబడింది.

"ఆదివారమా?" సరోజిని గొంతు లేచింది. "ఆదివారం నువ్వు కల్యాణానికి పోలా? పానకం పోస్తుంటే టీవీలో చూశాను కదే నేను!"

అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న మనిషి చటుక్కున తలెత్తింది. "టీవీలో అవుపడ్డానా అమ్మా? నిజంగానా?" అంత కష్టంలోనూ ఆ మొహం వెలిగింది చూడండి, సరోజినికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"కనపడ్డావు. నిక్షేపంలా కనపడ్డావు. నువ్వు ఇంటికి పో. సాయంత్రానికి తేల్చేస్తాను నేను" అంది.

శ్రీరామనవమి ఆ ఏడు ఆదివారం పడింది. ధౌలా కువాన్ అవతల మైదానంలో ఢిల్లీ తెలుగువాళ్ళంతా కలిసి కల్యాణం చేశారు. పొద్దున్నే వచ్చి సరోజిని ఇంట్లో ఉప్మా చేసిపెట్టి, తమ బస్తీ ఆడవాళ్ళు మాట్లాడుకున్న టెంపో ఎక్కడానికి భానుమతి వెనక చిన్న గేటులోంచి వెళ్ళిపోయింది. ఆ గేటులో వచ్చేవాళ్ళని చూస్తారు గానీ, పోయేవాళ్ళని రాసుకునే దిక్కు లేదు. మోకాలు సహకరించక సరోజిని ఇంట్లోనే కూర్చుని ఒక భక్తి చానల్లో కల్యాణం చూసింది. మంగళసూత్రధారణ అయ్యాక కెమెరా జనం మీదకి తిరిగినప్పుడు, స్టీలు బక్కెట్టు పట్టుకుని ఎవరికో గ్లాసులో పానకం పోస్తూ భానుమతి. "ఏమండీ, మన భానుమతండీ!" అని కేకేస్తే కేశవరావు బాత్రూంలోంచి వచ్చేసరికి కెమెరా సీతమ్మవారి మీదకి వెళ్ళిపోయింది. అంతే జరిగింది.

*

మైథిలి ఉండేది అదే టవర్లో, మూడంతస్తుల కింద. హైదరాబాదు పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొగుడు సాకేత్‌దీ అదే పని. తలుపు తీసిన పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చెవిలో ఆఫీసు మాటలు మోగుతున్నట్టున్నాయి, ఇయర్‌ఫోన్ ఒకటి తీసి చేతిలో పట్టుకుంది.

"మా నానమ్మ చేయించిన గాజులు ఆంటీ. పెళ్ళికి పెట్టింది. ఆదివారం గుర్గావ్‌ల బర్త్‌డే ఉంటే పదింటికి పోయినం. డ్రెస్సింగ్ టేబుల్ మీద పెట్టి పోయిన. సాయంత్రం వచ్చి చూస్తే లేవు. తాళం పగలగొట్టలే, ఏం లే. ఇంకో తాళంచెవి ఆమె దగ్గరనే ఉంటది కదా."

"అమ్మా, ఆదివారం మధ్యాహ్నం అది కల్యాణంలో ఉంది. పన్నెండింటికి నేను టీవీలో చూశాను. ఇక్కడ ఎలా ఉంటుంది చెప్పు?"

"నేను ఆమె పేరు చెప్పలే ఆంటీ, దేవుని తోడు. గాజులు పోయినయని గ్రూపుల పెట్టిన, అంతే. యాప్‌ల చూస్తే ఆమె పొద్దున లోపలికొచ్చింది, రాత్రి దాకా లోపలనే ఉన్నట్టు చూపిస్తున్నది. త్యాగీజీనే బ్లాక్ చేయించిండు." మైథిలి గుమ్మానికి ఆనుకుంది. "మీరు చూసిండ్రా? పక్కానా?"

"పక్కాగా."

"అది చూపించండి ఆంటీ. చూపిస్తే నేనే అందరి ముందల సారీ చెప్త. నాకు మాత్రం ఆమె మీద ఏముంది? మా పాప ఇషితకి ఆమె చేసే పప్పుచారు లేకపోతే ముద్ద దిగది."

త్యాగీ సొసైటీ సెక్రటరీ. మనిషి చెడ్డవాడు కాదు. సొసైటీలో నీళ్ళ ట్యాంకర్ల దగ్గర్నుంచి వీధికుక్కల దాకా అందరి తిట్లూ తినేవాడు. ఫోన్లో ఓపిగ్గానే విన్నాడు. "ఠీక్ హై ఆంటీజీ. ఆదివారం కమిటీ కూర్చుంటుంది. వీడియో చూపించండి, అందరూ చూస్తారు, వెంటనే తీసేస్తాం. చూపించకపోతే మాత్రం పర్మనెంట్ బ్లాక్. నా చేతిలో లేదు, రూల్ అది." పర్మనెంట్ అంటే పక్క సొసైటీల గేట్ల దగ్గర కూడా అదే యాప్. అక్కడా ఎర్రగీతే వస్తుందని సరోజినికి ఆ తర్వాత కాపలావాడు చెప్పాడు.

"చూపిస్తాం" అన్నాడు కేశవరావు, ఫోను భార్య చేతిలోంచి తీసుకుని. "ఆదివారం, సభ్యులందరి సమక్షంలో. అదే పద్ధతి." కేంద్ర ప్రభుత్వంలో ముప్పై రెండేళ్ళు ఫైళ్ళు నడిపి రిటైరైన మనిషి. పద్ధతి అన్న మాట ఆయన నోట్లో పడితే ఇక పులిహోర తిన్నంత తృప్తి.

*

గుర్గావ్‌లో ఉండే కొడుకు ఉదయ్‌కిరణ్ ఉగాదికి వచ్చినప్పుడు కేబుల్ పీకేసి ఈ ఇంటర్నెట్ టీవీ పెట్టించాడు. అరచేతిలో పట్టేంత నల్లడబ్బా. అందులో వెనక్కి వెళ్ళి, అయిపోయిన కార్యక్రమాలు మళ్ళీ చూడొచ్చు. ఏడు రోజుల దాకా ఉంటాయి. ఆ సంగతి సరోజినికి తెలుసు. వంటింటి హడావిడిలో తప్పిపోయిన సీరియళ్ళన్నీ ఆవిడ మధ్యాహ్నం పూట అలాగే చూస్తుంది. రిమోటు పట్టుకుని ఆదివారం దాకా వెనక్కి వెళ్ళింది. కల్యాణం పదింటి నుంచి ఒంటిగంట దాకా. బాణం గుర్తు నొక్కుతుంటే పురోహితులు గబగబా చేతులూపుతున్నారు, తలంబ్రాలు కింది నుంచి పైకి ఎగిరిపోతున్నాయి. దాటిపోయింది. మళ్ళీ వెనక్కి. కేశవరావు కుర్చీ లాక్కుని టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నాడు.

"అదుగో! ఆపు, ఆపు!" అన్నాడు.

ఆగింది. ఎర్ర అంచు పసుపుచీర, చేతిలో బక్కెట్టు. మూలన గడియారం పన్నెండు దాటి పది నిమిషాలని చూపిస్తోంది. మళ్ళీ నడిపిస్తే భానుమతి కెమెరాని చూసి, సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఒక ముసలాయన గ్లాసు చాపితే వంగి పోసింది. మొత్తం కలిపి ఊపిరి పీల్చి వదిలినంతసేపు. సరోజిని కళ్ళు చెమ్మగిల్లాయి. "బతికించావు తల్లీ" అని టీవీకే దణ్ణం పెట్టింది.

కేశవరావు రిమోటు అందుకుని, అద్దాలు సర్దుకుని, ఎర్రచుక్క ఉన్న మీట నొక్కాడు. తెర అడుగున ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది: మీ రికార్డింగ్స్‌లో చేర్చబడింది. "అయిపోయింది" అన్నాడు. "ఇక ఎవడబ్బా కాదనలేడు."

"ఫోనుతో ఓసారి తీసి పెట్టుకుందామాండీ? చేతిలో ఉంటుంది."

"అసలు ఉండగా నకలెందుకు? ఈ రోజుల్లో ఎవడో కుర్రాడు కంప్యూటర్లో కూర్చుని ఒకడి మొండేనికి ఇంకోడి తలకాయ పెట్టేస్తున్నాడు. ఫోను వీడియో చూపిస్తే మీరు తయారుచేశారంటారు. ఇదైతే కంపెనీ దగ్గర ఉన్న రికార్డు. తిరుగులేదు."

ఆ మాట సరోజినికి సబబుగానే తోచింది. ఎన్ని ట్రాన్స్‌ఫర్లు, ఎన్ని విచారణలు, ఎన్ని ఆడిట్లు ఆయన ఆ మాట మీదే నెట్టుకొచ్చాడో ఆవిడకి తెలుసు.

సాయంత్రం భానుమతి ఫోన్ చేసింది. జరిగిందంతా విని, "పోన్లెండమ్మా, ఆ రాముడున్నాడు" అంది. తర్వాత మొహమాటంగా, "అమ్మా, టీవీలో నా బొమ్మ ఒకటి ఫోన్లో ఎట్టి పంపుతారేటి? మాయమ్మకి పంపుతాను. ఢిల్లీలో ఏటి సేస్తన్నావో ఏటోనని ఒకటే గోల సేస్తాది. టీవీలో పడ్డానంటే సంబరపడతాది" అంది.

"పంపుతానుండు" అంటూ సరోజిని ఫోన్ టీవీకేసి తిప్పింది. కేశవరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. విషయం తేలేదాకా ఎవరికీ పంపకూడదు. వాళ్ళమ్మ ఇంకోళ్ళకి పంపుతుంది, అది తిరిగి తిరిగి ఇక్కడి గ్రూపులోకే వస్తుంది, కథ అడ్డం తిరుగుతుంది. ఆదివారం అయ్యాక ఎన్ని కావాలంటే అన్ని పంపుకో."

"ఆదివారం అయ్యాక పంపుతానే భానూ" అంది సరోజిని. "ఎక్కడికీ పోదుగా. ఆదివారం దాకా ఉంటుందిలే."

"అలాగేనమ్మా, తొందరేటుంది" అంది భానుమతి.

*

మిగతా వారమంతా సరోజిని స్టవ్ దగ్గర నిలబడలేక ఒక స్టూలు వేసుకుని వంట చేసింది. మైథిలి ఇంట్లో బయటి నుంచి తెప్పించుకుంటున్నారని లిఫ్టులో డబ్బాల వాసనే చెప్పింది. మూడో ఇల్లు శ్రీవల్లిగారిది. ఆవిడ రెండు రోజులు చూసి కొత్త మనిషిని పెట్టేసుకుంది. "మనకెందుకండీ గొడవ, అది దొంగో దొరో" అంది. సరోజినికి ఒళ్ళు మండింది.

సరోజిని ఊరుకోలేదు. కల్యాణం చేసిన సంఘంవాళ్ళకి ఫోన్ చేసింది. "అమ్మా, వేలల్లో వచ్చారు. పానకం పోసినవాళ్ళే యాభైమంది. ఎవరని చెప్పమంటారు?" అన్నాడు అక్కడి పెద్దమనిషి. భానుమతితో టెంపోలో వెళ్ళిన ఆడవాళ్ళు వచ్చి చెబుతామన్నారు గానీ, త్యాగీ ఒప్పుకోలేదు. వాళ్ళూ వాళ్ళూ ఒకటేనట. చానల్ వాళ్ళ నంబరు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. యూట్యూబులో వాళ్ళు పెట్టింది చూస్తే అందులో పట్టుచీరల వాళ్ళూ, శాలువాలు కప్పించుకున్న పెద్దలూ తప్ప బక్కెట్టు పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

"ఇవన్నీ దేనికి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు కేశవరావు. "మన దగ్గర ఉంది కదా."

ఉంది. రోజూ కాఫీ తాగాక సరోజిని అది పెట్టి చూసుకునేది. పసుపుచీర, బక్కెట్టు, నవ్వు, ముసలాయన గ్లాసు. శుక్రవారం నాడు పాత కార్యక్రమాల వరసలో కల్యాణం బొమ్మ కింద సన్నటి అక్షరాలు చూసి మొగుణ్ణి కేకేసింది. "ఏమండీ, ఇందులో ఇంకా రెండు రోజులే అని ఉందేమిటండీ?"

కేశవరావు తాపీగా వచ్చి చూశాడు. "అది క్యాచప్. అందరికీ ఉండేది. దానికి గడువుంటుంది. మనది రికార్డింగ్స్‌లో ఉంది. ఇలా రా." ఇంకో వరసలోకి వెళ్ళాడు. అక్కడా అదే బొమ్మ. కింద గడువు మాట లేదు. "చూశావా? దానికి తేదీ ఉంది, దీనికి లేదు. రాయలేదంటే గడువు లేదనే లెక్క. ఏ ఆర్డరైనా అంతే." సరోజిని ఊపిరి పీల్చుకుంది. చదువుకున్నవాడు, రూల్సు తెలిసినవాడు, ఆయన కంటే తనకెక్కువ తెలుసా?

*

ఆదివారం పొద్దున్న కాఫీలప్పుడు కూడా ఉంది. ఇద్దరూ చూశారు. కేశవరావు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నల్లడబ్బా వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి, ఏది ఎక్కడిదో కాగితం ముక్కలు అంటించి, తువ్వాల్లో చుట్టి గుడ్డసంచీలో పెట్టాడు. క్లబ్‌హౌసులో పెద్ద టీవీ ఉంది. దానికి తగిలించి చూపిస్తే సరి. లిఫ్టులో సంచీ గుండెలకి ఆనించుకుని నిలబడ్డాడు.

పదకొండింటికన్నారు. భానుమతి పదింటికే వచ్చి గేటు బయట నిలబడింది. అదే పసుపుచీర కట్టుకొచ్చింది, పోల్చుకోవడానికి వీలుంటుందని. లోపలికి రానివ్వలేదు. "కావాలంటే పిలుస్తాం" అన్నారు.

కమిటీలో మొదటి విషయం నీళ్ళ ట్యాంకరు. దాని మీద గంట. తర్వాత లిఫ్టు మరమ్మతు కాంట్రాక్టు. ఒకాయన లేచి అరిచాడు, ఇంకొకాయన కూర్చునే అరిచాడు. సరోజిని రెండుసార్లు లేచి, "త్యాగీజీ, మాది ముందు చూసేయండి, ఐదు నిమిషాలు" అంది. "బస్ ఆంటీజీ, నెక్స్ట్ ఆప్ కా హీ హై" అన్నాడాయన, తర్వాతది మీదేనంటూ. టీలొచ్చాయి, బిస్కెట్లొచ్చాయి. కేశవరావు సంచీ ఒళ్ళోంచి దించలేదు. "ఎజెండా ప్రకారం వెళ్ళనీ. తొందరపడితే మనమే పలచనవుతాం" అని భార్య చెవిలో అన్నాడు.

ఒంటిగంట దాటి చాలాసేపైంది వాళ్ళ వంతు వచ్చేసరికి. కేశవరావు తువ్వాలు విప్పి, వైర్లు తగిలించాడు. వైఫై పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. మేనేజరుకి ఫోన్ చేసి కనుక్కున్నారు. తెర వెలిగింది. రికార్డింగ్స్. కల్యాణం బొమ్మ ఉంది. "ఇదుగో" అన్నాడు కేశవరావు అందరికేసి తిరిగి, మీట నొక్కుతూ.

ఒక చక్రం తిరిగింది. తర్వాత తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఈ కార్యక్రమం ఇప్పుడు అందుబాటులో లేదు.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. డబ్బా ఆపి, మళ్ళీ పెట్టాడు. ఈసారి బొమ్మ కూడా లేదు. పాత కార్యక్రమాల వరసలోకి వెళ్తే అక్కడ పోయిన ఆదివారం మధ్యాహ్నం తర్వాతివే ఉన్నాయి. "పొద్దున్న ఉందండీ! ఇప్పుడే, కాఫీ తాగుతూ చూశాం!" అంది సరోజిని. ఎవరో గొంతు సవరించుకున్నారు.

కేశవరావు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. తెలుగు కోసం నొక్కాడు, అక్కడున్న వాళ్ళలో సగం మందికి తెలుగు రాదన్న ధ్యాస లేకుండా. ఒక అమ్మాయి పలికింది, చాలా మర్యాదగా.

"సర్, ఆ చానల్‌కి రికార్డింగ్ స్టోరేజ్ సదుపాయం లేదు సర్. మీరు బటన్ నొక్కినప్పుడు ప్రోగ్రామ్ ఎక్కడా కాపీ అవ్వదు. మీకు దొరకడానికి వీలుగా ఒక గుర్తు పెట్టుకుంటుంది, అంతే. క్యాచప్‌లో ఏడు రోజులు ఉంటుంది. ప్రోగ్రామ్ ఒంటిగంటకి అయిపోయింది కాబట్టి ఈ రోజు ఒంటిగంటకి తీసేశారు సర్."

"చేర్చబడింది అని రాశారు కదమ్మా?"

"అవును సర్."

"గడువు ఉందని ఎక్కడా రాయలేదే?"

"మీ ఫీడ్‌బ్యాక్ తప్పకుండా నోట్ చేసుకుంటాను సర్."

"అమ్మా, ఒక మనిషి బతుకు ఇది. మీ దగ్గర ఎక్కడో ఉంటుంది. ఒక్కసారి తీసి ఇవ్వండి. ఎవరికి రాయాలో చెప్పు, రాస్తాను."

"లేదు సర్. మా వైపు కూడా ఉండదు. ఇంకేమైనా సహాయం చేయగలనా సర్?"

కేశవరావు ఫోను పెట్టేశాడు. చేతిలో రిమోటు పట్టుకుని, ఖాళీ వరసని అటూ ఇటూ జరుపుతూ నిలబడ్డాడు. ముప్పై రెండేళ్ళలో ఆయన సంతకం పెట్టిన కాగితం ఒక్కటీ మాయమవలేదు. సరోజినికి ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆయన కూర్చోవడానికి పక్క కుర్చీ లాగింది.

త్యాగీ నిట్టూర్చాడు. "అచ్ఛా. ఇక ముందుకు పోదాం" అంటూ పెన్ను తీశాడు.

అప్పుడు మైథిలి లేచింది. "ఒక్క నిమిషం అంకుల్." సరోజిని దగ్గరికి వచ్చి, కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఆంటీ, వీడియో లేకపోయినా మంచిదే. మీరు చూసిండ్రు కదా. నా ముందల ఒక్కసారి చెప్పండి, మీ కళ్ళతో చూసిన్నని. మీ మాట చాలు నాకు. నేను ఇక్కడనే వదిలేస్త."

అదే మాట త్యాగీకేసి తిరిగి హిందీలోనూ చెప్పింది. త్యాగీ పెన్ను ఆపి, తన ధర్మం తను నెరవేర్చాడు. "అలాగే ఆంటీజీ. మీరు చెప్పండి, నేను మినిట్స్‌లో రాస్తాను, మీరు సంతకం చేయండి. కానీ ఒక మాట. సాకేత్ భయ్యా పోలీసు కంప్లైంట్ ఇస్తే రేపు వాళ్ళు మిమ్మల్నే పిలుస్తారు. టీవీలో ఎంతసేపు కనపడింది? రెండు సెకన్లా, నాలుగా? అద్దాలు పెట్టుకున్నారా? ఎర్ర అంచు పసుపుచీర ఆ రోజు ఎంతమంది కట్టుకుని ఉంటారు? టైము కచ్చితంగా గుర్తుందా?"

సరోజిని నోరు తెరిచింది. చూశాను అన్న మాట నాలుక చివరనే ఉంది. కేశవరావు చెయ్యి ఆవిడ మోచేతి మీద పడింది. గట్టిగా కాదు. "ఆధారం లేకుండా స్టేట్‌మెంట్ ఇవ్వకు సరోజినీ" అన్నాడు గుసగుసగా. "రేపు నిరూపించలేకపోతే మనం అబద్ధం చెప్పినట్టవుతుంది."

చూసింది. వెయ్యిసార్లు చూసింది. కానీ ఇప్పుడు కళ్ళు మూసుకుంటే పసుపుచీరకి బదులు ఆ తెల్లటి అక్షరాలే కనపడుతున్నాయి. మొట్టమొదట ఆ ఆదివారం మధ్యాహ్నం తను నిజంగా భానుమతినే చూసిందా, లేక తర్వాత రోజూ చూసి చూసి ముందే చూశాననుకుంటోందా? గడియారం పన్నెండు దాటి పది నిమిషాలా? పదకొండు కాదు కదా? వారం రోజులుగా అందరూ చూపించమనే అన్నారు. నువ్వేం చూశావో చెప్పి సంతకం పెట్టమని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగితే ఏముంది తన దగ్గర? పోలీస్‌స్టేషన్లో బల్ల ముందు కూర్చుని ఇదే మాట మళ్ళీ చెబుతున్న తనని ఊహించుకుంది. 

"అలాగే అనిపించింది అమ్మా" అంది.

మైథిలి ఆవిడ మొహంలోకి చూసింది. "అనిపించిందా ఆంటీ?"

"దానిలాగే అనిపించింది."

మైథిలి ఇంకో క్షణం అలాగే కూర్చుని, మెల్లగా లేచి, తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. సాకేత్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. త్యాగీ ఏదో రాశాడు. పార్కింగు విషయం మొదలైంది.

కేశవరావు డబ్బాని తువ్వాల్లో చుట్టలేదు. వైర్లతో సహా అలాగే సంచీలో పడేశాడు. "నువ్వన్నది సరైన మాటే" అన్నాడు బయటికొచ్చాక. "అంతకు మించి అనడానికి లేదు."  ఆయన లిఫ్టు వైపు తిరిగితే ఆవిడ గేటు వైపు నడిచింది.

ఎండ మాడ్చేస్తోంది. భానుమతి కాపలావాడి గది నీడలో గోడకి ఆనుకుని కూర్చుంది. సరోజినిని చూడగానే లేచి చీర దులుపుకుంది. "ఏటయిందమ్మా?"

"టీవీలో పోయిందే భానూ. ఏడు రోజులేనట. ఒంటిగంటకి తీసేశారు. ఆయన ఎంత మొత్తుకున్నా..." 

భానుమతికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గేటు అవతలి టవర్ల వైపు ఒకసారి చూసింది. "అయితే ఇంక రానివ్వరేటమ్మా?"

సరోజిని తల అడ్డంగా ఊపింది.

"పక్క సొసైటీల్లోనూ?"

దానికీ అంతే.

భానుమతి కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటో, కన్నీళ్ళో.  తర్వాత, ఉన్నట్టుండి, "టీవీలో పోతే పోయినాది. మీరు సూసినారు కదమ్మా. ఆలందరి ముందల సెప్పినారా, సూసినానని?" అని అడిగింది.

కాపలావాడు ఎవరిదో కారుకి గేటు ఎత్తుతున్నాడు. సరోజిని భానుమతి మొహంలోకి చూడలేక కారు వెళ్ళేదాకా కారునే చూసింది.

"చెప్పాను" అంది.

"సాలమ్మా." భానుమతి రెండు చేతులూ జోడించింది. ఆ కళ్ళలో సరోజిని మీద ఇంత అనుమానం కూడా లేదు. "అది సాలు. ఒకలైనా సెప్పినారు. మా వోలకీ అదే సెప్తాను, సరోజినమ్మగారు అందరి ముందల నా తరపున మాటాడినారని. మోకాలు నొప్పి ఎట్టుకుని ఎండలో నిలబడకండమ్మా, లోపలికి ఎల్లండి."

సరోజిని ఏదో అనబోయింది. భానుమతి అప్పటికే రోడ్డు దాటుతోంది. ఆగి ఉన్న షేర్ ఆటోలో చివర కాస్త చోటు దొరికితే ఒదిగి కూర్చుంది. ఆటో కదిలింది.

"మేడమ్, అందర్ ఆయేంగీ?" అన్నాడు కాపలావాడు, లోపలికి వస్తారా అన్నట్టు చిన్న గేటు తెరిచి పట్టుకుని. ఆవిడని ఎవరూ నంబరు అడగరు. సరోజిని లోపలికి నడిచింది.